టీచర్ల జీతం, నేతల జీతం మీ బ్యాలెట్ మీదకొస్తే: ఓటేసే ముందు ఎలా చదవాలి

మన దగ్గర గవర్నమెంటు టీచరు జీతం పెరగాలంటే పీఆర్సీ వేస్తారు. కమిషన్ నివేదిక ఇస్తుంది, ఫిట్‌మెంట్ ఎంతన్న దాని మీద సంఘాలూ ప్రభుత్వమూ తలపడతాయి. తెలంగాణలో 2021లో 30 శాతం ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 23 శాతం అన్నారు, అది చాలదంటూ ఆ ఏడాది ఫిబ్రవరి 3న ఉద్యోగులూ టీచర్లూ ‘చలో విజయవాడ’ పెట్టుకుని రోడ్డెక్కారు. ఎమ్మెల్యేల జీతమైతే మరీ సులువు, అసెంబ్లీలో వాళ్లే బిల్లు పెట్టుకుని వాళ్లే పెంచుకుంటారు. ఈ రెండు చోట్లా మామూలు ఓటరును పిలిచి అడిగేవాళ్లు ఎవరూ లేరు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అడుగుతారు. ప్రెసిడెంటు, సెనేటరు, జడ్జి పేర్లన్నీ అయిపోయాక బ్యాలెట్ చివర్లోనో వెనక పేజీలోనో ‘ప్రాపొజిషన్’ అనో ‘మెజర్’ అనో ‘అమెండ్‌మెంట్’ అనో ఒక పేరా ఉంటుంది. కింద అవును, కాదు అని రెండు గడులు. కొత్తగా సిటిజన్‌షిప్ వచ్చిన మనవాళ్లు అక్కడే ఆగిపోతారు. టీచర్లకు జీతం పెంచాలా అంటే కాదనేదెవరు? నాయకులకు పెంచాలా అంటే అవుననేదెవరు? అలా మనసుకు తోచినట్టు నింపేసి వచ్చేస్తారు. కానీ జీతం పెంచాలా వద్దా అన్నది అక్కడ అసలు ప్రశ్న కాదు. ఏ పన్ను, ఎవరి మీద, ఆ డబ్బు మధ్యలో ఆగిపోకుండా ఏం రాశారు, ఇవీ చూడాల్సినవి.

కింద ఎక్కువ ఉదాహరణలు అరిజోనావి. ఫీనిక్స్ పక్కన చాండ్లర్, గిల్బర్ట్‌లలో తెలుగువాళ్లు బాగా ఉన్నారన్నది ఒక కారణం. ఇలాంటి మెజర్లకు ఎన్ని రకాల తిప్పలు రావచ్చో దాదాపు అన్నీ ఆ ఒక్క రాష్ట్రమే పడిందన్నది అసలు కారణం.

ముందు మీకు ఓటుందో లేదో చూసుకోండి

హెచ్1బి వాళ్లకూ, గ్రీన్‌కార్డు వాళ్లకూ రాష్ట్ర, ఫెడరల్ ఎన్నికల్లో ఓటు లేదు. ‘ఇంటి పన్ను నేనూ కడుతున్నా కదా’ అన్న వాదన అక్కడ చెల్లదు. డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్లినప్పుడు కౌంటర్లో ‘ఓటరుగా నమోదు చేయమంటారా’ అని అడుగుతారు. అలవాటుగా తలూపి సంతకం పెట్టేస్తే రేపు గ్రీన్‌కార్డుకో సిటిజన్‌షిప్‌కో పెద్ద అడ్డంకి అవుతుంది. సిటిజన్ కానివాళ్లు ఫెడరల్ ఎన్నికల్లో ఓటేయడం నేరం, దేశం నుంచి పంపించేయడానికి కూడా అది చాలు. తెలియక చేశామంటే వింటారన్న భరోసా పెట్టుకోవద్దు.

ఓటు లేనివాళ్లూ ఈ మెజర్లు చదవొచ్చు, స్కూల్ బోర్డు మీటింగులో మాట్లాడొచ్చు. పన్ను పడేది వాళ్ల ఇంటి మీదా, చదివేది వాళ్ల పిల్లలూ కాబట్టి చదవడమే మంచిది.

మెజర్ పేరును పక్కన పెట్టి పూర్తి పాఠం తెరవండి

కౌంటీ ఎన్నికల సైట్‌లో మీ అడ్రస్ కొడితే నమూనా బ్యాలెట్ వస్తుంది. అరిజోనా, కాలిఫోర్నియా లాంటి చోట్ల ఎన్నికకు ముందు ఒక పుస్తకమే ఇంటికొస్తుంది. అందులో ప్రతి మెజర్‌కూ పూర్తి పాఠం, తటస్థంగా రాసిన విశ్లేషణ, అటూ ఇటూ వాదనలు ఉంటాయి. కూపన్ల కట్టతో కలిపి చెత్తబుట్టలో వేయకండి.

చదవడం మొదలుపెట్టాల్సింది వాదనల దగ్గర కాదు, విశ్లేషణ దగ్గర. ఆ తర్వాత పూర్తి పాఠం. బ్యాలెట్ మీదుండే పేరా అన్నిటికన్నా చివర.

ఎందుకంటే ఆ పేరాలో ఏది ముందు చెప్పాలి, ఏది తోకలో పెట్టాలి అన్నది ఎవరో ఒకరు తీరిగ్గా కూర్చుని తేల్చిన విషయం. లూసియానాలో 2025 మార్చి 29న జరిగిన ఓటింగులో అమెండ్‌మెంట్ 2 ఇందుకు మంచి ఉదాహరణ. ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు తగ్గింపు, 65 దాటినవాళ్లకు మినహాయింపులు, ప్రభుత్వ ఖర్చు పెరుగుదలకు హద్దు, కొన్ని నిధుల నిర్వహణలో మార్పులు, ఇవన్నీ ఒకే వాక్యంలో కుక్కి, ఆ వరసలోనే టీచర్లకు శాశ్వత జీతం పెంపు అని కూడా చేర్చారు. ఏటా ఇస్తూ వస్తున్న 2,000 డాలర్ల స్టైపెండును జీతంలో కలపడం దాని ఉద్దేశం. అందుకు డబ్బెలా అంటే, విద్య కోసం దాచిన ట్రస్టు నిధులు తీసి టీచర్ల పెన్షన్ బాకీ తీర్చాలి, అలా మిగిలింది జీతాల్లోకి మళ్లాలి. టీచర్లంటే ఇష్టమున్న ఓటరు ‘అవును’ అంటే పన్నుల వ్యవస్థ మార్పు మొత్తానికీ అవునన్నట్టే. జనం దాన్ని భారీ తేడాతో తిప్పికొట్టారు. టీచర్ల మీద కోపంతో కాదని నా అభిప్రాయం. ఇన్ని విషయాలు ఒకే గడిలో పెడితే చాలామందికి ‘కాదు’ అనడమే క్షేమం అనిపిస్తుంది.

కాబట్టి పూర్తి పాఠం తెరవగానే ఒక కాగితం తీసుకుని ఇందులో విడివిడి విషయాలు ఎన్నున్నాయో రాయండి. రెండు దాటితే అక్కడ జీతం అసలు సరుకో, పైన అతికించిన లేబులో అనుమానించండి.

జీతం ఎవరికి పెరుగుతుందో పేరు పెట్టి రాసుకోండి

టీచర్ల జీతం అనగానే మన కళ్ల ముందు క్లాసులో పాఠం చెప్పే టీచరే ఉంటారు. చట్టంలో మాట అంత సూటిగా ఉండదు. అరిజోనాలో 2020 నవంబర్‌లో దాదాపు 52 శాతం ఓట్లతో గెలిచిన ప్రాపొజిషన్ 208 చూడండి. దాని డబ్బులో సగం టీచర్లకూ క్లాసుకు తోడ్పడే సిబ్బందికీ. అదీ జీతం పెంపుకు మాత్రమే కాదు, కొత్తవాళ్లను తీసుకోవడానికి కూడా. 25 శాతం విద్యార్థులకు ఇతర సహాయం చేసే సిబ్బందికి. 12 శాతం వృత్తి శిక్షణకు, 10 శాతం కొత్త టీచర్లకు తోడ్పాటుకూ వాళ్లు మానేయకుండా నిలుపుకోవడానికీ, మిగతా 3 శాతం టీచర్ ట్రైనింగు స్కాలర్‌షిప్పులకు. ఇందులో తప్పేమీ లేదు. కానీ వచ్చే డబ్బు మొత్తాన్ని టీచర్ల సంఖ్యతో భాగించి ‘ఒక్కొక్కరికి ఇంత’ అని వాట్సాప్‌లో తిప్పే లెక్క తప్పని మాత్రం తేలిపోతుంది.

ఇంకో మాట వెతకండి: ఈ డబ్బు ఇప్పుడు ఇస్తున్నదానికి అదనంగా ఇవ్వాలి, ఇప్పుడిస్తున్నది తీసేసి దాని స్థానంలో దీన్ని పెట్టకూడదు అన్న వాక్యం. 208లో ఉంది. అది లేకపోతే ఓటర్లిచ్చిన డబ్బు ఒక చేత్తో వస్తుంటే రాష్ట్ర బడ్జెట్ రెండో చేత్తో అంతే వెనక్కి లాక్కోవచ్చు. అప్పుడు టీచరు జీతం ఎక్కడిదక్కడే, మీ పన్ను మాత్రం పెరుగుతుంది.

స్కూల్ డిస్ట్రిక్ట్ స్థాయి మెజర్లలో మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇంకోటుంది: బాండ్ వేరు, జీతాలకు అడిగే ఓటు వేరు. బాండ్ అంటే ఓటర్ల అనుమతితో చేసే అప్పు, ఆ డబ్బు బిల్డింగులకూ బస్సులకూ సామగ్రికీ. దాంతో జీతాలివ్వరు. జీతాల కోసం అడిగేదాన్ని అరిజోనాలో ఓవర్‌రైడ్ అంటారు. టెక్సాస్‌లో ఓటర్ల ఆమోదంతో పన్ను రేటు పెంచుకునే ఎన్నిక ఉంటుంది, వేట్రీ అని పొడి అక్షరాల్లో పిలుస్తారు. రెండు రకాలూ ఒకే బ్యాలెట్ మీద ఎ, బి, సి, డి అని వరసగా రావచ్చు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోలో 2024 నవంబర్‌లో అలాగే వచ్చాయి, ఓటర్లు అన్నిటినీ కాదన్నారు. బాండ్ డబ్బుతో స్టేడియం ఎందుకన్న కోపం టీచరు జీతం మీద చూపించకూడదనుకుంటే ఏ అక్షరం దేనికో ముందే రాసిపెట్టుకోవాలి.

మీ జేబులోంచి ఎంతో లెక్క వేయండి

ఇదే పెద్ద పని. అరగంట కేటాయించండి, పోయిన ఏడాది టాక్స్ రిటర్నూ ఇంటి పన్ను బిల్లూ పక్కన పెట్టుకోండి. డబ్బు ఎక్కణ్నుంచి అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది.

ఆదాయం మీద అదనపు పన్ను అయితే మొదట చూడాల్సింది హద్దు. 208 (తర్వాత కోర్టు కొట్టేసింది, ఆ కథ కింద ఉంది) ప్రకారం ఒంటరిగా ఫైల్ చేసేవాళ్లకు 2.5 లక్షల డాలర్లు, దంపతులు కలిపి ఫైల్ చేస్తే 5 లక్షల డాలర్లు దాటిన పన్ను ఆదాయం మీద 3.5 శాతం. ఆ ‘దాటిన’ అన్న మాట చాలామంది చదవరు. భార్యాభర్తలిద్దరూ ఐటీలో ఉండి పన్ను ఆదాయం 3.5 లక్షలు ఉందనుకోండి, వాళ్ల మీద పడేది సున్నా. 5.2 లక్షలు ఉంటే 3.5 శాతం పడేది పైనున్న 20,000 మీద, అంటే 700 డాలర్లు. ‘ఐదు లక్షలు దాటితే పద్దెనిమిది వేలు పోతాయట’ అని పార్టీల్లో మాట్లాడుకునేవాళ్లు మొత్తం ఆదాయాన్ని గుణించేస్తున్నారన్న మాట. కంపెనీ షేర్లు ఒకే ఏడాదిలో అమ్మినవాళ్లు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. మామూలుగా హద్దు కింద ఉండే కుటుంబం ఆ ఒక్క ఏడాది దాటిపోతుంది.

ఇంటి పన్ను మీద అయితే రాష్ట్రానికో భాష. ఫ్లోరిడాలో మిల్లు అంటారు: పన్ను విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు ఒక డాలరు. మయామీ-డేడ్ కౌంటీ ఓటర్లు టీచర్ల జీతాలకూ స్కూళ్ల భద్రతకూ 2018లో ముప్పావు మిల్లు, 2022లో ఒక మిల్లు ఒప్పుకున్నారు. మినహాయింపులు పోగా మీ ఇంటి పన్ను విలువ 3 లక్షలైతే ఒక మిల్లంటే ఏడాదికి 300 డాలర్లు, నెలకు 25. టెక్సాస్‌లో ప్రతి వంద డాలర్ల విలువకు ఇన్ని సెంట్లు అని చెబుతారు. అరిజోనాలోనూ వందకే చెబుతారు గానీ ఆ వంద ఇంటి ధరలోది కాదు. సొంతంగా ఉండే ఇంటికి చట్టం లెక్కగట్టే విలువలో పదో వంతునే పన్నుకు తీసుకుంటారు. ఆ విలువ 3 లక్షలుంటే పన్నుకు వచ్చేది 30,000. వందకు ఒక డాలరు రేటంటే 300 డాలర్లు. ఇళ్ల ధరలు చూపించే జిల్లో సైట్‌లోని ధరతో ఈ లెక్కలేవీ చేయకండి, కౌంటీ పంపిన నోటీసులో ఉన్న అంకెతో చేయండి.

పార్సెల్ ట్యాక్స్ అన్నది కాలిఫోర్నియా ప్రత్యేకత. ఇంటి విలువతో సంబంధం లేకుండా ఒక్కో స్థలానికి ఇంత అని. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2018 జూన్‌లో టీచర్ల జీతాల కోసం వచ్చిన ప్రాపొజిషన్ జి ఏడాదికి 298 డాలర్లు అడిగింది. లెక్క చేయడం చాలా తేలిక. న్యాయమా అంటే చిన్న ఇల్లున్నవాళ్లదీ డౌన్‌టౌన్‌లో పెద్ద భవనం ఉన్నవాళ్లదీ ఒకటే బిల్లు. మీరే ఆలోచించుకోండి.

సేల్స్ ట్యాక్స్ మీద అయితే ఒక్కరికే లెక్క వేసి ఆగకండి. ఓక్లహోమాలో 2016 నవంబర్‌లో స్టేట్ క్వశ్చన్ 779 అని వచ్చింది. ఒక శాతం సేల్స్ ట్యాక్స్ పెంచి ప్రతి టీచరుకూ 5,000 డాలర్లు పెంచుతామన్నారు. యూనివర్సిటీ ఆఫ్ ఓక్లహోమా ప్రెసిడెంటు, మాజీ గవర్నరు డేవిడ్ బోరెన్ దాన్ని ముందుండి నడిపించారు. 59 శాతం మంది కాదన్నారు. ఆ రాష్ట్రంలో అప్పట్లో కూరగాయలకూ పాలకూ కూడా రాష్ట్ర సేల్స్ ట్యాక్స్ ఉండేది. ఏడాదికి 20,000 డాలర్ల సరుకు కొనే ఇంటికి పడేది 200. పెద్ద జీతం వచ్చే ఇంటికి అదొక లెక్క కాదు, గంట కూలీ మీద బతికే ఇంటికి లెక్కే. నా వరకు నేను టీచర్ల జీతానికి సేల్స్ ట్యాక్స్ దారి చూపిన మెజర్‌ను రెండుసార్లు ఆలోచించి గానీ ఒప్పుకోను. అయితే ఇక్కడ ఒక సంగతి చెప్పాలి: 779 ఓడాక టీచర్ల కష్టం తీరిపోలేదు. 2018లో శాసనసభ సగటున 6,100 డాలర్ల పెంపు ఇచ్చినా, అది చాలదు, స్కూళ్లకు కూడా నిధులు కావాలంటూ ఏప్రిల్‌లో రెండు వారాల పాటు టీచర్లు క్లాసులు వదిలి రాజధానికి వచ్చారు. ‘కాదు’ అనేటప్పుడు మరి వేరే దారి ఏముందో కూడా చూడాలనడానికే ఇది చెప్పింది.

శాతం అన్నచోట పెన్ను పట్టుకోండి

పన్ను 4.54 శాతం నుంచి 8 శాతానికి పెరిగితే పెరుగుదల ఎంత? ‘3.46 శాతం’ అనేస్తారు. నిజానికి అది 3.46 పాయింట్లు. పాత పన్నుతో పోలిస్తే కొత్తది దాదాపు 76 శాతం ఎక్కువ. ఇది మేష్టారి ఛాదస్తంలా కనిపిస్తుంది గానీ 2018లో అరిజోనాలో ఇదే ఒక మెజర్ కొంప ముంచింది. ఆ వసంతంలో ‘రెడ్ ఫర్ ఎడ్’ అంటూ టీచర్లు ఎర్ర చొక్కాలేసుకుని వీధుల్లోకి వచ్చారు. ఎండల్లో తిరిగి సంతకాలు సేకరించి ఒక మెజర్‌ను బ్యాలెట్ దాకా తెచ్చారు. సంతకాల కాగితం మీది వివరణలో పన్ను పెరుగుదలను శాతంగా రాశారు. అది జనాన్ని తప్పుదోవ పట్టించేలా ఉందంటూ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆగస్టు చివర్లో బ్యాలెట్ నుంచే తీసేయించింది. 208 అన్నది రెండేళ్ల తర్వాత చేసిన రెండో ప్రయత్నం.

మీరు చేయాల్సింది ఇంతే: ఎక్కడ శాతం కనిపించినా దేనిలో శాతం అని పక్కన రాయండి. జీతం పెంపులో కూడా అంతే. 20 శాతం పెంపు అంటే ఏ ఏడాది జీతం మీద, ఎన్నేళ్లలో, అందరికీనా సగటునా?

గెలిచాక ఎక్కడ ఆగిపోవచ్చో చూడండి

ఓటర్లు అవునన్నంత మాత్రాన డబ్బు వస్తుందని లేదు. దీన్ని పట్టించుకోకపోతే పైన చేసిన లెక్కంతా వృథా.

గెలవడానికి ఎంత కావాలో మొదట చూడండి. సగం కన్నా ఒక ఓటు ఎక్కువ వస్తే చాలని అన్నిచోట్లా ఉండదు. కొలరాడోలో 2018లో స్కూళ్లకు 160 కోట్ల డాలర్లు తెచ్చే అమెండ్‌మెంట్ 73కి 55 శాతం కావాల్సి వచ్చింది, అది సగం కూడా దాటలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పైన చెప్పిన 298 డాలర్ల పన్నుకు 60 శాతం పైగా వచ్చాయి. సంతకాలతో పౌరులు తెచ్చిన మెజర్‌కు సాధారణ మెజారిటీ చాలా, మూడింట రెండు వంతులు కావాలా అన్నది కోర్టుకెక్కింది. చివరికి 2020 నవంబర్‌లో దాని బదులు 288 డాలర్ల పన్నుతో ప్రాపొజిషన్ జె పెట్టారు. 75 శాతం వచ్చాయి, గొడవ తీరింది.

తర్వాత, ఇది మామూలు చట్టమా రాజ్యాంగ సవరణా? అరిజోనాలో ఓటర్లు చేసిన చట్టాన్ని శాసనసభ రద్దు చేయకుండా 1998లోనే ఓటర్లు రక్షణ పెట్టుకున్నారు. అయినా చట్టం చట్టమే, రాజ్యాంగాన్ని దాటలేదు. ఆ రాష్ట్ర రాజ్యాంగంలో స్కూళ్లన్నీ కలిపి ఏడాదికి ఇంతకన్నా ఖర్చు పెట్టకూడదన్న హద్దు 1980 నుంచీ ఉంది. 208 రాసినవాళ్లకు అది తెలుసు. అందుకే ఈ డబ్బును ‘గ్రాంట్లు’ అనాలి, ఆ హద్దు దీనికి వర్తించదు అని రాశారు. పేరు మారిస్తే హద్దు పోదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పి, వసూలయ్యే డబ్బు హద్దు దాటుతుందో లేదో తేల్చమని కింది కోర్టుకు పంపింది. దాటుతుందని 2022 మార్చిలో తేలింది. మెజర్ మొత్తం కొట్టేశారు. రెండు సార్లు సంతకాలు, ఒక గెలుపు, టీచరు జీతంలోకి సున్నా.

ఇది ముందే పసిగట్టడం మామూలు ఓటరు వల్ల అయ్యే పనేనా? కొంతవరకు అవుతుంది. విశ్లేషణలో ‘రాజ్యాంగ పరిమితి’, ‘మినహాయింపు’ అన్న మాటలుంటే అక్కడ గీత గీయండి. ‘దేనికి వర్తించదు’ అని మెజర్ తనకు తానే చెప్పుకుంటుంటే అక్కడే కోర్టు కేసు పుడుతుంది.

కోర్టు వరకూ పోకుండా శాసనసభే ఆపేసిన కథ వాషింగ్టన్ రాష్ట్రానిది. 2000లో అక్కడి ఓటర్లు ఇనిషియేటివ్ 732 గెలిపించారు: ధరలు పెరిగినకొద్దీ టీచర్ల జీతం ఏటా పెరగాలని. కొత్త పన్నేమీ అందులో లేదు, బడ్జెట్‌లోంచే ఇవ్వాలి. వినడానికి బాగుంది. బడ్జెట్ బిగుసుకున్న ప్రతిసారీ శాసనసభ దాన్ని పక్కన పెట్టింది. డబ్బు ఎక్కణ్నుంచో చెప్పని మెజర్ చూస్తే నాకు టెన్షన్ ఎక్కువ, పన్ను పడని మెజర్ అని సంతోషం తక్కువ.

గడువు కూడా చూడండి. అరిజోనాలో స్కూళ్ల కోసం 2000లో ఒప్పుకున్న, డాలరుకు 0.6 సెంటు సేల్స్ ట్యాక్స్ ఇరవై ఏళ్లకు పెట్టినది, దాన్ని 2018లో శాసనసభ 2041 దాకా పొడిగించింది. 2016లో స్వల్ప తేడాతో గెలిచిన ప్రాపొజిషన్ 123 పదేళ్లలో స్కూళ్లకు 350 కోట్ల డాలర్లు తెచ్చేది, దాని గడువు 2025 జూన్‌తో తీరింది. డిస్ట్రిక్ట్ ఓవర్‌రైడ్‌లకు ఏడేళ్లు, చివరి రెండేళ్లలో డబ్బు మెట్టుమెట్టుగా తగ్గుతుంది. అందుకే నాలుగైదేళ్లకోసారి అదే మళ్లీ బ్యాలెట్ మీద కనబడుతుంది. ‘మొన్నేగా ఇచ్చాం’ అనకముందు అది కొత్త పెంపో పాతదాని కొనసాగింపో చూడండి. కొనసాగింపుకు కాదంటే టీచర్ల జీతం ఉన్నచోట ఆగదు, కిందికి దిగుతుంది.

నాయకుల జీతం అయితే ఈ లెక్క మార్చండి

ఇక్కడ మీ జేబు లెక్క అక్కర్లేదు. అరిజోనాలోని తొంభై మంది శాసనసభ్యుల జీతం రాష్ట్ర బడ్జెట్‌లో కనిపించేంత మొత్తం కూడా కాదు. చూడాల్సినవి వేరు: ఎంత, ఎవరు నిర్ణయిస్తారు, ఎప్పట్నుంచి.

ఎంతన్నది చూస్తే ఆశ్చర్యపోతారు. అరిజోనా శాసనసభ్యుల జీతం ఏడాదికి 24,000 డాలర్లు. 1998లో ఓటర్లు 15,000 నుంచి దానికి పెంచారు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా కాదన్నారు. 2014లో 35,000 చేద్దామంటే మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. టెక్సాస్‌లో నెలకు 600 డాలర్లు, 1975 నుంచీ అంతే. నెబ్రాస్కాలో ఏడాదికి 12,000 అని 1988 నుంచి రాజ్యాంగంలోనే ఉంది, 2012లో 22,500 చేద్దామంటే ఓటర్లు ఒప్పుకోలేదు. న్యూహాంప్‌షైర్‌లో ఏడాదికి 100 డాలర్లు, 1889 నాటి అంకె. మన ఎమ్మెల్యే జీతంతో పోల్చుకుంటే నవ్వొస్తుంది. చాలాచోట్ల జీతంతో పాటు సమావేశాల రోజులకు రోజు భత్యం కూడా ఉంటుంది, మెజర్ గురించి తేల్చుకునే ముందు దాన్నీ కలిపి చూడండి. అరిజోనా లాంటి చోట్ల జీతం పెంచొద్దని జనం అంటే భత్యం పెంచుకునే దారి శాసనసభ చేతిలో ఉంటుంది.

నాయకుల జీతానికి ‘కాదు’ అనడం చేతికి హాయిగా ఉంటుందని ఒప్పుకుంటాను. కానీ ఏడాదికి 24,000తో ఫీనిక్స్‌లో ఇల్లు నడవదు. ఆ పదవిలోకి రాగలిగేది ఎవరు? రిటైరైనవాళ్లు, సొంత వ్యాపారమున్నవాళ్లు, భర్తో భార్యో బాగా సంపాదిస్తున్నవాళ్లు. స్కూల్లో పాఠాలు చెప్పే మనిషి నాలుగు నెలలు సెలవు పెట్టి శాసనసభకు వెళ్లడం కుదరదు. టీచర్ల జీతం గురించి చట్టాలు చేసే చోట టీచర్లు తక్కువుండడానికి ఇదీ ఒక కారణమని నాకనిపిస్తుంది.

ఎవరు నిర్ణయిస్తారన్నది అంకె కన్నా ముఖ్యం. వాషింగ్టన్‌లో 1986లో, కాలిఫోర్నియాలో 1990లో ఓటర్లే రాజ్యాంగ సవరణతో జీతాల కమిషన్లు పెట్టారు. అలబామా 2012లో శాసనసభ్యుల జీతాన్ని రాష్ట్రంలోని మధ్యస్థ కుటుంబ ఆదాయానికి ముడిపెట్టింది. జనం ఆదాయం పెరిగితేనే నాయకుడి జీతం పెరుగుతుంది, నాకు నచ్చిన ఏర్పాటు అది. అర్కాన్సాస్‌ది జాగ్రత్త పడాల్సిన కథ. అక్కడ 2014లో ఇష్యూ 3 అన్న ఒకే మెజర్‌లో నైతిక నియమాలూ, పదవీకాల పరిమితుల మార్పూ, జీతాల కమిషనూ కలిపి పెట్టారు. గెలిచింది. మరుసటి ఏడాదే ఆ కమిషన్ శాసనసభ్యుల జీతాన్ని 15,869 నుంచి 39,400 డాలర్లకు పెంచింది. ఆ అంకె బ్యాలెట్ మీద ఎక్కడా లేదు. ఉండాల్సింది కమిషన్ సభ్యులను ఎవరు నియమిస్తారన్న వాక్యం, మీరు వెతకాల్సిందీ అదే.

ఎప్పట్నుంచి అన్నదానికి కొలత దేశ రాజ్యాంగంలోనే ఉంది. కాంగ్రెస్ సభ్యులు జీతం పెంచుకుంటే అది మధ్యలో ఒక ఎన్నిక జరిగాకే అమల్లోకి రావాలన్నది 27వ సవరణ. 1789లో జేమ్స్ మాడిసన్ ప్రతిపాదిస్తే 1992లో ఆమోదం పూర్తయింది. ఆ సవరణను ఇంకా ఆమోదించొచ్చని 1982లో గ్రెగరీ వాట్సన్ అనే టెక్సాస్ యూనివర్సిటీ విద్యార్థి పేపర్ రాస్తే సి గ్రేడు వేశారు. ఆయన రాష్ట్రాలకు ఉత్తరాలు రాస్తూ పదేళ్లు పట్టుబట్టి సాధించాడు. యూనివర్సిటీ 2017లో ఆ గ్రేడును ఎ చేసింది. మీ రాష్ట్ర మెజర్‌లో ‘వచ్చే ఎన్నిక తర్వాత’ అన్న మాట లేకపోతే ఇప్పుడు కుర్చీలో ఉన్నవాళ్లే తమ జీతం పెంచమంటున్నారని అర్థం.

వాదనలు చదివేటప్పుడు కింద పేరు చూడండి

ఇప్పుడు వాదనల పేజీలకు రండి. అరిజోనా పుస్తకంలో ఎవరైనా రుసుము కట్టి తమ వాదన అచ్చేయించుకోవచ్చు. ఎవరు డబ్బు కట్టారో ప్రతి వాదన కిందా ఉంటుంది. టీచర్ల సంఘం అవునంటుంది, వ్యాపార సంఘాలు కాదంటాయి, అందులో వింతేమీ లేదు. మామూలుగా ఒక పక్కన ఉండాల్సినవాళ్లు అవతలి పక్కన సంతకం పెట్టారేమో చూడండి, అలాంటివి తీరిగ్గా చదవడం లాభం. వాట్సాప్ గ్రూపులో వచ్చే ‘అన్నిటికీ ఇలా నొక్కండి’ చీటీలో ఎవరి పేరూ ఉండదు. దాన్ని పోల్చుకోడానికి వాడండి, ఎక్కించుకోడానికి కాదు.

బ్యాలెట్ నింపేటప్పుడు

పోస్టులో వచ్చే బ్యాలెట్ అయితే రెండు వైపులా తిప్పి చూడండి. అవును అంటే మార్పు, కాదు అంటే ఇప్పుడున్నట్టే, సాధారణంగా ఇంతే. అరిజోనాలో ఏ గడికి ఏ ఫలితమో పక్కనే ఒక వాక్యంలో రాస్తారు. ఒక మెజర్ అర్థం కాలేదా, ఖాళీ వదిలేయండి, మిగతా ఓట్లు చెల్లుతాయి. కవరు మీద సంతకం మరిచిపోవద్దు, మీ రికార్డులో ఉన్నట్టే చేయండి. అరిజోనాలో ఎన్నికల రోజు సాయంత్రం 7 గంటలకల్లా కవరు వాళ్ల చేతికి అందాలి. చివరి వారంలో అయితే పోస్టులో వేయకుండా డ్రాప్ బాక్సుకే తీసుకెళ్లండి.

అమ్మానాన్నలు సిటిజన్లై, ఇంగ్లిష్ చదవలేకపోతే తోడుగా మీరు బూత్‌లోకి వెళ్లొచ్చు. చదవలేనివాళ్లు తమకు నచ్చిన మనిషి సాయం తీసుకోవచ్చని ఫెడరల్ చట్టంలోనే ఉంది. ఆ మనిషి వాళ్ల యజమానో యూనియన్ ప్రతినిధో కాకూడదు, అంతే. ‘టీచర్ల జీతం పెంచాలంట నాన్నా, అవును కొట్టేయ్’ అనకుండా, ‘మన ఇంటి పన్ను ఏడాదికి 300 పెరుగుతుంది, ఏడేళ్లు’ అని చెప్పి పెన్ను ఆయన చేతికివ్వండి.

ఫలితం వచ్చాక

గెలిచిన మెజర్‌కు మొదటి ఏడాది బడ్జెట్ చూడండి. స్కూల్ డిస్ట్రిక్టులు వేసవిలో బడ్జెట్ ఆమోదిస్తాయి, అంతకుముందు బహిరంగ మీటింగు పెడతాయి. టీచర్ల జీతాల పట్టిక డిస్ట్రిక్ట్ సైట్‌లో ఉంటుంది. నిరుటిదీ ఈ ఏటిదీ పక్కపక్కన పెట్టి, కొత్తగా చేరే టీచరు వరసా, పదేళ్ల అనుభవమున్న టీచరు వరసా రెండూ పోల్చండి. కొన్నిచోట్ల పై వరసే పెరుగుతుంది, కింది వరస అలాగే ఉంటుంది. తేడా కనిపిస్తే ప్రశ్న రాసుకుని మీటింగుకు వెళ్లండి. ప్రజలు మాట్లాడే సమయం సాధారణంగా మనిషికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు, కాబట్టి పట్టికలోని ఆ రెండు అంకెలూ ముందు చదివి ప్రశ్న తర్వాత అడగండి.